కేసు అనగా ఏ విద్యార్థి అయినా

స్టాఫ్ రూము,
ఒక కాలు ఆనని బల్ల దగ్గర

వదినకి,

ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప. నువ్వు క్షేమమా అని అడగను. ఊళ్ళో వాళ్ళకి జబ్బులొస్తేనే జరిగే ఉద్యోగం నీది, నీకేం.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. పోయినసారి చేశాను. నేను "వదినా" అన్నాను, అంతే. తర్వాత నీ ఆఫీసు గొడవలన్నీ వరసగా చెప్పి, పాలు పొంగుతున్నాయని పెట్టేశావు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు. పైగా మన రెండు ఊళ్ళ మధ్య తిరిగే బస్సు కండక్టరు నా పాత విద్యార్థి. పొద్దున చేతికిస్తే సాయంత్రానికి నీకు అందిస్తాడు.

అసలు సంగతికి వస్తాను. మా హెడ్మాస్టరు గారు ఏదో సభకి వెళ్ళొచ్చారు. సభకి వెళ్ళినప్పుడల్లా ఆయనకి ఒక కొత్త ఆలోచన అంటుకుంటుంది, దానికి వైద్యం మేం చేయించుకోవాలి. ఈసారి అంటుకున్నది ఎపిడెమియాలజీ. జబ్బు ఎక్కడ మొదలైంది, ఎలా పాకింది, ఎవరి నుంచి ఎవరికి వెళ్ళింది అని దర్యాప్తు చేయడం తొమ్మిదో తరగతి పిల్లలకి నేర్పాలట. ఎవరు నేర్పాలి అని మీటింగు పెట్టిన రోజు నేను పంటి నొప్పితో సెలవులో ఉన్నాను. అందుకని నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

నాకు తెలిసిన సైన్సు బల్బు వెలగడం దగ్గర మొదలై కప్ప గుండె దగ్గర ఆగిపోతుంది. నీకు తెలుసుగా, నాది ఏడాది నియామకం. ఉంచాలో పంపాలో ఏడాది చివర బడి కమిటీకి చెప్పేది హెడ్మాస్టరే. ఈ పాఠం తన్నేస్తే నేను పెట్టె సర్దుకుని నేరుగా మీ ఇంటికి వస్తాను. పొద్దున, సాయంత్రం నీ వంటకి వంకలు పెడుతూ హాయిగా కాలక్షేపం చేస్తాను. నీ మేలు కోరి చెబుతున్నాను, సాయం చెయ్యి.

ఇది చాలదన్నట్టు, క్యాంటీన్ ఆవిడతో నాకు పడటం లేదు. ఎప్పుడో టీ గ్లాసు స్టాఫ్ రూముకి తెచ్చుకుని తిరిగివ్వడం మరిచిపోయాను. మొన్న పిల్లలందరి ముందూ, "ఏమ్మా సైన్సు టీచరూ, మా గ్లాసు ఆవిరైపోయిందా?" అంది. అప్పటి నుంచి నాకు సగం గ్లాసు టీయే పోస్తోంది. మిగతా సగం ఆవిరైందని లెక్క కాబోలు.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు


వ్యాధుల నియంత్రణ కార్యాలయం,
ఫ్యాను తిరగని గది

మహారాజశ్రీ ఆడపడుచు గారికి,

నీ బెదిరింపు అందింది. నువ్వు వచ్చి నా వంటకి వంకలు పెట్టడమన్న మాట చదవగానే నీకు పాఠం చెప్పి తీరాలని నిశ్చయించుకున్నాను.

దర్యాప్తు అనగానే మీ పిల్లలు భూతద్దాలు పట్టుకుని బయల్దేరతారు. ముందు కూర్చోబెట్టు. మొదటి పని ఒక వాక్యం రాయడం. "కేసు అనగా ఎవరు?" ఎవరిని లెక్కలోకి తీసుకుంటాం, ఎవరిని తీసుకోం. తర్వాత ఎన్ని లెక్కలు కట్టినా ఆ వాక్యం లోపలే కడతావు. దాంట్లోంచి నువ్వు తీసేసిన మనిషి నీకు ఇక కనిపించడు. మా ఆఫీసులో ఒక పెద్దమనిషి "కేసు అనగా ఆసుపత్రికి వచ్చిన రోగి" అని రాశాడు. ఆసుపత్రి దాకా రాలేనివాళ్ళు లెక్కలోకే రాలేదు. వ్యాప్తి తగ్గిందన్నారు, ఆయనకి పదోన్నతి వచ్చింది. నాకు మాత్రం తిరగని ఫ్యాను వచ్చింది, ఎందుకంటే నేను ఆ మాట పైకి అన్నాను.

కాబట్టి ఆ వాక్యం రాసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయండి.

జబ్బు పాకడం నేర్పడానికి ఒక ఆట చెబుతాను. ఒకరి అరచేతికి రంగు సుద్దపొడి పూసి, మొదటి రోగి అను. వాళ్ళు నలుగురితో కరచాలనం చేయాలి, ఆ నలుగురూ మరో నలుగురితో. చివరికి ఎవరి చేతికి రంగు ఉందో చూసి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో గోడ మీద పెద్ద కాగితం అంటించి బాణాలు గీయించు. మీ పిల్లలకి చాలా ఇష్టమవుతుంది. గొడవ చేయడానికి చదువు అనుమతి ఇచ్చే సందర్భాలు వాళ్ళకి తక్కువ.

మిగతాది కాగితం మీద చెప్పలేను. ఈ శని, ఆదివారాలు వచ్చెయ్. మీ అన్నయ్య రెండు రోజులుగా గదిలోంచి బయటికి రావడం లేదు, ఏదో లావుపాటి పుస్తకం మొదలుపెట్టాడు. కాబట్టి ఇల్లు ప్రశాంతంగా ఉంది, నాకే మాట్లాడటానికి మనిషి లేరు. వంకలు పెట్టడానికైనా సరే, తప్పకుండా రా.

వదిన


తొమ్మిదో తరగతి గది,
ఖాళీ బెంచీల ఎదుట

వదినకి,

రెండు విషయాలు. ఒకటి నా విజయం, రెండోది ఇంకా పెద్ద విజయం.

ఆదివారం మీ ఇంటి నుంచి వచ్చాక, సోమవారం బస్సు పడక కొంచెం నలతగా ఉన్నా, మంగళవారం పాఠం మాత్రం వదల్లేదు. నా అంకితభావం గుర్తుపెట్టుకో, ఎవరూ గుర్తించరు. మొదటి రోగి ఎవరు అంటే పిల్లలందరూ చేతులెత్తారు. తగవు తీర్చలేక నేనే మొదటి రోగిని అన్నాను. ఎర్ర సుద్దపొడి అరచేతికి పూసుకుని, దగ్గుతూ, మూలుగుతూ, తూలుతూ వెళ్ళి నలుగురి చేతులు పట్టుకున్నాను. నా నటన చూసి ఒక అమ్మాయి నిజంగానే భయపడింది. తర్వాత తరగతంతా ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపేశారు. చివర్లో బిస్కెట్ల డబ్బా తెరిచి మధ్యలో పెట్టాను. అందరూ చేతులు పెట్టి తీసుకున్నారు. ముగ్గురు మగపిల్లలు మాత్రం వెకిలి నవ్వులు నవ్వుతుంటే మొదట్లోనే బయట నిలబెట్టాను. వాళ్ళకి ఆటా లేదు, బిస్కెట్లూ లేవు. మిగతా పిల్లలు వాళ్ళకి "బయటి బ్యాచ్" అని పేరు పెట్టారు.

హెడ్మాస్టరు కిటికీలోంచి చూసి, "మీ పాఠం పిల్లలకి బాగా అంటుకుందండీ" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు.

ఇప్పుడు రెండోది. గురువారం నుంచి సగం పైగా తరగతి లేదు! వాంతులు, విరేచనాలు. ఎనిమిదో తరగతిలోనూ కొందరికి. ఎవరికీ ప్రమాదం లేదు, డాక్టరు ఉప్పు, పంచదార నీళ్ళు తాగించమని పంపేశారు, రెండు రోజుల్లో లేచి తిరుగుతున్నారు. కానీ వదినా, పాఠం చెప్పిన వారంలోనే నిజమైన వ్యాప్తి! పుస్తకం కూడా ఇంత బాగా ఏర్పాటు చేయదు. కోలుకున్నవాళ్ళు మంచం మీంచి లేచి నేరుగా దర్యాప్తులో దిగారు. జబ్బు పడ్డ ప్రతి ఒక్కరినీ ఏం తిన్నావని అడిగారు. బుధవారం క్యాంటీన్‌లో ఉడికించిన గుడ్లు పెట్టారు. దాదాపు అందరూ గుడ్డు తిన్నారు!

నేను హెడ్మాస్టరుకి చెప్పాను. ఆయన గంటలో క్యాంటీన్‌కి తాళం వేయించారు. ఆవిడ తాళం వంక, నా వంక చూసింది. నేను గ్లాసు సంగతి ఎత్తలేదు. నాకూ సంస్కారం ఉంది.

నీ శిష్యురాలు, నీ మరదలు


ఇల్లు,
వంటింటి గట్టు మీద

దర్యాప్తు శిఖామణికి,

అభినందనలు. జబ్బు పడ్డవాళ్ళందరూ గుడ్లు తిన్నారు కాబట్టి గుడ్లదే నేరం. నాకొక అనుమానం. జబ్బు పడ్డవాళ్ళందరూ ఆ రోజు చెప్పులు కూడా వేసుకుని ఉంటారు కదా? వెంటనే చెప్పుల కొట్టుకి తాళం వేయించు. వాళ్ళందరూ నీ క్లాసు కూడా విన్నారు. నీకు కూడా తాళం వేయించు.

జబ్బు పడని వాళ్ళని ఎవరైనా ఏమైనా అడిగారా? అడిగి ఉండరు. బాగున్నవాడిని పలకరించే అలవాటు మన జాతికి లేదు. వాళ్ళలో ఎంతమంది గుడ్లు తిన్నారు? అందరూ తిని బాగానే ఉంటే ఆ గుడ్డు పాపం ఏం చేసింది? కోడిని పిలిచి వాంగ్మూలం తీసుకుంటావా? గుడ్డు ఉడికించారు అని నువ్వే రాశావు. బాగా ఉడికిన గుడ్డు పెంకు లోపల కూర్చుని కుట్ర పన్నడం మా ఆఫీసులో కూడా ఎవరూ వినలేదు. నీకు ఆ గుడ్ల మీద కోపమా, సగం టీ మీద కోపమా? రెంటినీ ఒకే గిన్నెలో ఉడికించకు.

ఇంకా రెండు పేజీలు గుడ్ల మీదే రాయగలను, కానీ గట్టు తుడవాలి. ముందు బాగున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నువ్వూ చేతులు సబ్బుతో కడుక్కుంటూ ఉండు. ఒంట్లో ఎలా ఉంది?

వదిన


స్టాఫ్ రూము,
బల్ల కాలి కింద పాత ప్రశ్నపత్రం పెట్టిన తర్వాత

వదినకి,

నీ చెప్పుల కొట్టు మాట తరగతిలో చదివి వినిపించాను. పిల్లలు నవ్వారు, నేను నవ్వలేదు.

బాగున్నవాళ్ళని అడుగుదామని పిల్లలు గేటు దగ్గర ఒక కాగితం అతికించారు. "కేసులు ఉన్నవారు, లేనివారు అందరూ తొమ్మిదో తరగతిలో హాజరు కావలెను." గంట తిరగకముందే ఇద్దరు తండ్రులు పరుగెత్తుకొచ్చారు. "మా వాడి మీద కేసు పెట్టింది ఎవరు?" అని ఒకాయన, "మా వాడి మీద కేసు లేకపోయినా ఎందుకు హాజరు కావాలి?" అని ఇంకొకాయన. రెండో ఆయన వకీలు. కేసంటే జబ్బు మనిషి, పోలీసు వ్యవహారం కాదని చెప్పేసరికి హెడ్మాస్టరు గొంతు ఎండిపోయింది. ఇకపై బడిలో ఎవరూ ఆ మాట వాడరాదని సర్క్యులర్ తీశారు. పిల్లలు ఇప్పుడు కేసు అనాల్సిన చోట "ఆ మాట" అంటున్నారు.

లెక్క తేలింది. ఆరు, ఏడు, పది తరగతులు అవే గుడ్లు తిన్నాయి, ఎవరికీ ఏమీ కాలేదు. మా తరగతిలో గుడ్డు ముట్టని అమ్మాయిలకి కూడా వాంతులయ్యాయి. ఇక బయటి బ్యాచ్ ముగ్గురూ ఒక్కొక్కడు మూడేసి గుడ్లు లాగించి గుండ్రాయిల్లా తిరుగుతున్నారు. ఎనిమిదో తరగతిలో పడ్డవాళ్ళందరూ మా వాళ్ళ చెల్లెళ్ళు, తమ్ముళ్ళు, బిస్కెట్లు పంచుకున్న స్నేహితులు. అంటే గుడ్లు కాదు వదినా. ఆట. గోడ మీద మేం గీసుకున్న బాణాల వెంటే నిజం జబ్బు కూడా నడిచింది. నేను క్రమశిక్షణ పేరుతో బయటికి పంపినవాళ్ళే ఆరోగ్యంగా ఉన్నారు. ఇది తెలిస్తే ఇక ఏ పిల్లవాడూ నా క్లాసులో కుదురుగా కూర్చోడు.

హెడ్మాస్టరుకి చెప్పాను. "గుడ్లు అని కమిటీకి రాసేశానమ్మా, ఇప్పుడు ఆట అని ఎలా రాయను? ఆటని ఉద్యోగంలోంచి తీయలేం కదా" అన్నారు. అలా చేతులు దులుపుకున్నారు, కడుక్కోలేదు. నెలాఖరు మీటింగులో ఆవిడని తీసేస్తారు. క్యాంటీన్ వెనక గదే ఆవిడకి ఇల్లని నాకు ఈ వారమే తెలిసింది. నిన్న అటు వెళ్తే మెట్ల మీద కూర్చుని ఖాళీ డబ్బాలు తుడుస్తోంది. ఉపయోగం లేని పని, అంత శ్రద్ధగా. "ఏం టీచరూ, ఇప్పుడు సగం టీ కూడా లేదు" అంది. అంతే అంది.

ఆట అని చెప్పాలంటే మొదట ఎవరికి వచ్చిందో చూపించాలి. అక్కడే ఆగిపోయాం. నా క్లాసులో ఒక అమ్మాయి ఉంది, పేరు సందేహం. మేం పెట్టిన పేరు. ఆ పిల్ల ఇల్లిల్లూ తిరిగింది. మంగళవారానికి ముందు జబ్బు పడ్డ పిల్లలు ఒక్కరూ లేరు. మా వాక్యం కూడా పక్కాగా ఉంది: "కేసు అనగా, ఈ వారంలో వాంతులు గానీ విరేచనాలు గానీ అయిన, మన బడిలోని ఏ విద్యార్థి అయినా." అయినా మొదటి కేసు దొరకలేదు. ఆకాశం నుంచి ఊడిపడిందనుకుని వదిలేయాల్సిందేనా?

మరదలు


వ్యాధుల నియంత్రణ కార్యాలయం,
అదే గది, అదే ఫ్యాను

అమ్మాయ్,

ఆకాశం నుంచి ఊడిపడలేదు. మీ వాక్యంలో ఒక్క మాట మార్చు. "విద్యార్థి" కొట్టేసి "మనిషి" అని రాయి. టీచర్లు కూడా మనుషులే అని నేను ఇన్నాళ్ళూ ఒక నమ్మకంతో బతుకుతున్నాను.

మార్చాక నెమ్మదిగా చదువు. తర్వాత నాకు నువ్వు రాసిన ఉత్తరం గుర్తు తెచ్చుకో. "సోమవారం బస్సు పడక కొంచెం నలతగా" అన్నావు. కొంచెం అంటే ఎంత? బస్సు ఆదివారం ఎక్కావు కదా, సోమవారం దాకా ఎక్కడ ఆగింది ఆ నలత?

వదిన


పబ్లిక్ లైబ్రరీ,
నిశ్శబ్దం పాటించవలసిన హాలు

గౌరవనీయులైన వ్యాధుల నియంత్రణాధికారి గారికి,

మీరు సూచించిన మార్పు చేశాను. నేనే బోర్డు దగ్గరికి వెళ్ళి "విద్యార్థి" తుడిచి "మనిషి" అని రాశాను. సందేహం అటు బోర్డు వైపు, ఇటు నా వైపు చూసి, "టీచర్, మరి మీకు ఎలా ఉంది సోమవారం?" అంది.

సోమవారం రోజంతా నేను బాత్రూమ్ గుమ్మం దాటలేదు. మంగళవారం ఒక మాత్ర వేసుకుని బడికి వెళ్ళాను. పాఠం మానేస్తే హెడ్మాస్టరు ఏమనుకుంటారో అని. అంత తెలివైనదాన్ని, వెళ్ళి తరగతి ముందు నిలబడి "మొదటి రోగిని నేనే" అని మూలిగాను. ముప్పై మంది పిల్లలకి నా నోటితో నేనే నిజం చెప్పి, వాళ్ళ చేతులు పట్టుకుని ఊపి, నటన అనుకున్నాను. ఆ సంగతి పిల్లలకి చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

తర్వాత ఆ పిల్ల రెండో ప్రశ్న అడిగింది. "టీచర్, మీకు ఎక్కడ అంటింది?" నేను అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయన ఎంత అమాయకుడో మీకు తెలుసు. "అదేంటే, నువ్వొచ్చే ముందు నాకు అయింది అదేగా. మీ వదిన చెప్పలేదా?" అన్నాడు.

లావుపాటి పుస్తకం! మూడు రోజులు వాంతులు చేసుకున్న మనిషికి మీరు పుస్తకం చేతిలో పెట్టారు. మీ ఊరి గోడల నిండా మీ సంతకంతో కాగితాలుంటాయి కదా, "జబ్బు దాచకండి" అని? దాని కింద మీ ఇంటి చిరునామా కూడా వేయించండి.

నెలాఖరు మీటింగులో నేను నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది. విప్పకపోతే ఆవిడ ఇల్లు పోతుంది. చదువుకున్నదాన్ని కాబట్టి ఏం చేయాలో నాకు తెలుసు. తెలిసినా నాకు భయంగా ఉంది. మీలాంటి వారు భయపడరు కాబట్టి మీకు అర్థం కాదు.

పిల్లలు మీకు ఒక ఉత్తరం రాశారు. జతచేస్తున్నాను. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

ఇట్లు,
విధేయురాలు

(జతచేసినది)

అధికారి గారికి తొమ్మిదో తరగతి దర్యాప్తు బృందం రాయునది. మా టీచరు గారు మీ మరదలు అయినందున మాకు మొహమాటమేమీ లేదని మనవి. ఆ శనివారానికి ముందు మీ ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినవా? అయినచో మా టీచరు గారికి ముందుగా చెప్పితిరా? చెప్పనిచో ఎందుకు చెప్పలేదు? మీరు తప్పు చేశారని మేము అనడం లేదు, బాణం ఎక్కడ నుంచి గీయాలో అడుగుతున్నాము. మీరు "ఆ మాట" అవునా కాదా కూడా తెలుపగలరు.


ఇల్లు,
మీ అన్నయ్య గది గుమ్మం దగ్గర

అమ్మాయ్,

"మీరు" అన్నావు. నేను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన మొదటి రోజు కూడా నువ్వు నన్ను మీరు అనలేదు. నాలుగు సార్లు చదివాను, అంతటా మీరే ఉంది.

తొమ్మిదో తరగతి దర్యాప్తు బృందానికి నా జవాబు ఇది, మీటింగులో చదవండి: అయినవి. నా భర్తకి అయినవి. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఆమె రాదు. ఆమె రాకపోతే ఆ శనివారం కూడా నేను బకెట్లు కడుగుతూ, ఎవరితోనూ మాట్లాడకుండా గడపాలి. ఊళ్ళో ప్రతి గుమ్మానికీ వెళ్ళి "జబ్బు దాచకండి" అని చెప్పేదాన్ని నేనే. వాళ్ళు ఎందుకు దాస్తారో నాకు ఆ శనివారం దాకా తెలియదు. నేను "ఆ మాట" కాదు, నాకు జబ్బు రాలేదు. కానీ బాణం నా ఇంటి గుమ్మం లోంచే గీయండి.

ఇక నీకు. "బస్సు పడక" అన్న మాట చదవగానే నాకు అర్థమైపోయింది. అప్పుడు నేను ఏం చేశానో చూడు. గుడ్ల మీద, కోడి మీద, చెప్పుల కొట్టు మీద వెటకారం రాశాను. నాకు భయం వేసినప్పుడు నోరు అలా పనిచేస్తుంది. మీ అన్నయ్యకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు, నీకు తెలియదు, ఎందుకంటే నీకూ అదే జబ్బు. తర్వాత ఉత్తరంలో నిన్ను "మనిషి" దాకా నడిపించి, నా పేరు రాకముందే ఆగిపోయాను. అది ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించు.

నాకు భయం తెలియదన్నావు. ఈ ఉత్తరం మా ఆఫీసు ముద్ర వేసి పంపుతున్నాను. మీ కమిటీలో ఎవరైనా మా ఆఫీసుకి ఫోన్ చేస్తే ఈసారి ఫ్యాను తీసేసి పంకా ఊపమంటారు. చేయనీ. నువ్వు మీటింగుకి వెళ్ళు. నాలుక తడారితే ఈ కాగితం చదువు.

నీ (ఇంకా అనుమతి ఉంటే) వదిన


క్యాంటీన్,
కిటికీ పక్క బల్ల

వదినా,

నువ్వు. నువ్వు. నువ్వు. ముందు అరువు తీర్చేశాను.

మీటింగు అయింది. కమిటీ అధ్యక్షుడు సిమెంటు వ్యాపారి, ఆయనకి తొందరగా అయిపోవడం ఇష్టం. హెడ్మాస్టరు "గుడ్ల వల్ల జరిగిన దురదృష్టకర సంఘటన" అని మొదలుపెట్టారు. నేను లేచాను. "గుడ్లు కాదండీ, నేను" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. సందేహం గోడ కాగితం విప్పి పట్టుకుంది, బయటి బ్యాచ్ ముగ్గురూ మిగతా మూలలు పట్టుకున్నారు. నేను సోమవారం బాత్రూమ్ సంగతి నుంచి బిస్కెట్ల డబ్బా దాకా అంతా చెప్పాను. తర్వాత ఆ పిల్ల నీ జవాబు చదివింది. "చెబితే ఆమె రాదు" అన్న చోట ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

అధ్యక్షుడు కాగితం దగ్గరికి వచ్చి, బాణాల వెంట వేలు నడిపి, "అంటే ఈ బాణాలన్నీ నిజమేనా?" అన్నాడు. నిజమేనన్నాం. "మరి ఆ గుడ్ల ఆవిడని ఎందుకు పంపిస్తున్నాం?" అన్నాడు. హెడ్మాస్టరు దగ్గారు. ఆ దగ్గు జబ్బు వల్ల కాదు.

క్యాంటీన్ తాళం ఆ సాయంత్రమే తీశారు. నా సంగతి "పరిశీలనలో" పెట్టారు. ఆ ముక్కకి అర్థం నాకు తెలుసు. ఎపిడెమియాలజీ వచ్చే ఏడాది ఉండదట, దాని బదులు తోటపని పెడతారట. నేను ఉంటానో లేదో పెట్టె సర్దుకునే దాకా తెలియదు. భయం పోలేదు వదినా, కానీ ఆ భయంతో పాటు పొద్దునే లేచి బడికి వెళ్ళగలుగుతున్నాను.

ఇవాళ క్యాంటీన్‌కి వచ్చాను. ఆవిడ థాంక్స్ చెబుతుందని నేను అనుకోలేదు, ఆవిడ కూడా అనుకోలేదు. ఎదురుగా పోగైన పిల్లలందరి ముందూ, "ముందు చేతులు చూపించు" అంది. చూపించాను. తిప్పి చూపించమంది. తిప్పాను. నా వేళ్ళ సందులు కూడా చూసి, "కడుక్కురా" అంది. కడుక్కొచ్చాను. అప్పుడు గ్లాసు నిండా టీ పోసింది, అంచు దాకా. పోసి, "గ్లాసు ఇక్కడే పెట్టి వెళ్ళు" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేడికి అని చెప్పాను.

నా వెనకాల పిల్లలు చేతులు చాపుకుని వరసలో నిలబడ్డారు. ఇన్ని వారాలు నేను నోరు పోయేలా చెప్పినా ఎవరూ కడుక్కోలేదు, ఆవిడ ఒక్క మాటతో అందరూ కుళాయి దగ్గరికి పరుగెత్తారు. ఆ విషయం నేను మీ శాఖకి సిఫారసు చేస్తున్నాను.

దర్యాప్తు పూర్తి కాలేదని సందేహం అంటోంది. నీ ఇంటి గుమ్మం వెనక ఇంకో ప్రశ్నార్థకం గీసింది. అన్నయ్యకి ఎక్కడ అంటిందో కనుక్కుని రాయి.

నీ మరదలు


వ్యాధుల నియంత్రణ కార్యాలయం,
ఫ్యాను తీసేసిన గది

అమ్మాయ్,

మీ అన్నయ్యని కూర్చోబెట్టి, మీ పిల్లలు నన్ను అడిగినట్టే అడిగాను. ఆయన తప్పించుకోవాలని చూశాడు, పుస్తకం చదువుతున్నానన్నాడు.

ఆయన జబ్బు పడ్డ వారం మొదట్లో మా ఆఫీసులో ఒక సభ జరిగింది. చేతుల శుభ్రత మీద అవగాహన సభ. జనం రాలేదని కుర్చీలు నింపడానికి ఇంట్లో ఉన్న మొగుడిని రమ్మన్నాను. చివర్లో ఒక పెద్ద పళ్ళెంలో కేకు ముక్కలు పెట్టారు, అందరూ ఎవరికి వాళ్ళు తీసుకున్నారు. కుళాయిలో నీళ్ళు రాలేదు. ఇప్పుడు అడిగితే, ఆ సభకి వచ్చినవాళ్ళలో చాలామందికి అయిందని తేలింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అధ్యక్షురాలిని నేనే.

ఆ బాణం కూడా గీయమను. నా పేరు పక్కన అధ్యక్షురాలు అని రాయమను, మొహమాటం వద్దు.

సెలవులకి రా. నీ ఉద్యోగం ఉన్నా రా, పోయినా రా, నా వంటకి వంకలు పెట్టు. బయల్దేరే ముందు ఒక ఉత్తరం రాయి. ఇంట్లో ఎవరికి ఏముందో ఉన్నది ఉన్నట్టు జవాబు రాస్తాను. అది చదివాక కూడా రావాలనిపిస్తే, అప్పుడు రా.

వదిన